రెండో ముక్క

కోటికి పిచ్చి లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇవాళ ఆ ఊళ్ళో ఎవర్నడిగినా ఉందనే చెబుతారు. "పాపం, సముద్రంలో పడ్డాక బుర్ర చెడింది" అని నాలుక చప్పరించి, మళ్ళీ వాళ్ళ పనిలో వాళ్ళు పడతారు. వాళ్ళననీ లాభం లేదు. కన్నతల్లే చెబుతుంటే కాదనడానికి వాళ్ళెవరు?

బందరు అవతల, గిలకలదిండి దాటాక, ఇసకలో సగం దిగబడినట్టుండే చిన్న పల్లె అది. కోటికీ, వాళ్ళన్న పోలరాజుకీ కలిపి ఒకటే పడవ. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి సన్యాసమ్మ నెత్తిన చేపల బుట్ట పెట్టుకుని ఊరూరా తిరిగి ఇద్దర్నీ పెంచింది. ఆవిడంటే కోటికి ప్రాణం. పెళ్ళయి ఇన్నేళ్ళయినా కొత్త చొక్కా కొంటే ముందు తల్లికి చూపించి, ఆవిడ బాగుందన్నాకే వేసుకునేవాడు. అతని భార్య హేమ మొదట్లో మూతి ముడిచేది. తర్వాత ఆవిడకీ అలవాటైపోయింది.

అన్నీ చెప్పేముందు వల సంగతి చెప్పాలి, లేకపోతే మీకేం అర్థం కాదు.

ఆ ఊరి వేటగాళ్ళకి ఒక కట్టుబాటుంది. ఎక్కడా రాసి లేదు, ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, అయినా మీసం మొలవకముందే అందరికీ తెలుసు. వల నీళ్ళలో ఉండగా మనిషి పడిపోతే వల కోసెయ్యాలి. వల పడవకి కట్టి ఉన్నంతసేపూ పడవని తిప్పడం కుదరదు. వల మొత్తం పైకి లాక్కునేసరికి మనిషి ఎంత దూరం కొట్టుకుపోతాడో ఎవరూ చెప్పలేరు. అందుకని కత్తి తీసి తాడు తెగ్గొట్టి, అందులో పడ్డ చేపలతో సహా వలని సముద్రానికొదిలేసి, మనిషి కోసం పడవ తిప్పాలి. అలా తిప్పనివాణ్ణి ఆ తీరంలో ఎవరూ తమ పడవ ఎక్కనివ్వరు, వాడి పడవా ఎక్కరు. వాడింటి గుమ్మం తొక్కరు.

కిందటేడు కార్తీకంలో అన్నదమ్ములిద్దరే వేటకెళ్ళారు. పొద్దు వాలుతోంది. పండుగప్పల గుంపు తగిలి వల బరువెక్కింది. ఇద్దరూ లాగుతున్నారు. ఇంతలో పక్కనుంచి అల కొట్టి పడవ ఒరిగింది. కోటి నిలబడి ఉన్నాడేమో, తాడు కాలికి తట్టుకుని నీళ్ళలో పడ్డాడు.

పైకి తేలి చూస్తే పడవ ఎంతో దూరంలో లేదు. "కొయ్ అన్నయ్యా" అని అరిచాడు. "ఆగరా, వచ్చేస్తున్నా" అని పోలరాజు గొంతు వినిపించింది. అరుస్తూనే లాగుతున్నాడు. వలని తేల్చే బెండ్లు ఒకదాని వెనక ఒకటి పడవ అంచు ఎక్కి లోపలికి పోతున్నాయి. చేపలు తెల్లగా మెరుస్తున్నాయి. కోటి కళ్ళారా చూశాడు. మళ్ళీ అరిచాడు. అల అతన్ని ఇంకాస్త పక్కకి నెట్టింది, పోలరాజు ఇంకాస్త వల లాగాడు. చూస్తుండగానే మసక కమ్మేసింది, ఆ తర్వాత పడవ కనబడలేదు.

ఎక్కణ్ణుంచి కొట్టుకొచ్చిందో ఒక థర్మాకోల్ దిమ్మ దొరికింది. దాన్ని కావలించుకుని ఆ రాత్రంతా తేలాడు. మర్నాడు మధ్యాహ్నం నిజాంపట్నం పడవవాళ్ళు చూసి పైకి లాగారు. జ్వరం తగ్గాక వాళ్ళే తీసుకొచ్చి ఊళ్ళో దింపారు.

ఊరంతా ఒడ్డుకొచ్చింది. సన్యాసమ్మ పడుతూ లేస్తూ వచ్చి కొడుకుని చుట్టేసుకుంది. అతను నోరు తెరిచేలోపే నలుగురూ అందుకున్నారు. "మీ అన్న మనిషి కాదురా, దేవుడు. కొని ఏడాది తిరగని వల. ఒక్క క్షణం ఆలోచించకుండా కోసి పారేశాడు. నీకోసం చీకట్లో ఎంతసేపు తిరిగాడో." తెగిన తాడుతో సగం వల పడవలోనే ఉంది, అందరూ వేలు పెట్టి చూపించారు. ఊరి పెద్దలు అప్పటికే పోలరాజుని రామాలయం దగ్గరికి పిలిచి కండువా కూడా కప్పారట. తమ్ముడు పోయిన దుఃఖంలో కండువా కప్పించుకున్న అన్నని మీరెక్కడైనా చూశారా? నేను చూళ్ళేదు.

కోటి తెగిన వల చూశాడు. అన్న మొహం చూశాడు. "కొయ్యలేదు, లాగుతున్నాడు, నేను చూశాను" అన్నాడు.

అప్పుడు సన్యాసమ్మ కొడుకు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఉప్పునీళ్ళు తలకెక్కాయి నాయనా. రెండ్రోజులు పడుకుంటే అన్నీ సర్దుకుంటాయి" అంది.

అంతే. ఆ ఒక్క మాటతో అతని జీవితం రెండు ముక్కలైంది.

ఎదుటి మనిషి మీద నమ్మకం పోతే ఆ మనిషిని దూరం పెట్టి బతికెయ్యొచ్చు. తన కళ్ళ మీద తనకే నమ్మకం పోతే ఎవర్ని దూరం పెడతాం? తను చూసింది ఒకటి. ఊరు చెప్పేది ఇంకొకటి. తెగిన వల ఎదురుగా ఉంది. ఊరంతా కలిసి అబద్ధమాడదు కదా. అన్నయ్య ఆడడు. అమ్మ చచ్చినా ఆడదు. ఇక మిగిలింది ఎవరు? తప్పు తన కళ్ళదే అయ్యుండాలి. అలా లెక్క తేల్చుకున్నాడు వెర్రి నాయన.

ఒక తప్పుందంటే ఇంకెన్ని ఉన్నాయో అని పట్టుకుంది. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడేవాడు. "చూస్తా ఊరుకున్నావేంటి మావా, దించొచ్చుగా" అని హేమ కసురుకునేది. "పొంగుతున్నట్టు అనిపించింది. నిజంగా పొంగుతున్నాయో లేదో తెలీలేదు" అనేవాడు. వానొస్తుంటే చూరు కింద నుంచి చెయ్యి చాపి, తడిసిన చెయ్యి తల్లికి చూపించి, "వానేనా అమ్మా?" అని అడిగేవాడు. ఆవిడ అవునంటే లోపలికొచ్చి పడుకునేవాడు. వేళ్ళ మీద నుంచి నీళ్ళు కారుతున్నా ఆవిడ అవుననాల్సిందే.

ఒక్కసారి పడవెక్కాడు. ఒడ్డు ఇంకా కనబడుతూనే ఉంది. పోలరాజు ఇంజను వైపు తిరగడానికి ఇతనికి వీపు పెట్టేసరికి కోటికి ఒళ్ళంతా వణుకు పుట్టింది. పడవ అంచు పట్టుకున్న చేతులు విడిపించడం ఎవరి వల్లా కాలేదు, వెనక్కి తీసుకొచ్చేశారు. ఏ పాపం ఎరగని అన్నని చూసి వణికానే అని సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ సాయంత్రం వెళ్ళి అన్న కాళ్ళు పట్టుకున్నాడు, క్షమించమని. పోలరాజు క్షమించాడు కూడాను. ఆ మాట చెప్పడానికి నాకే నోరు రావట్లేదు, వాడికి చేతులెలా వచ్చాయో తమ్ముణ్ణి లేపి నిలబెట్టడానికి.

సన్యాసమ్మే పట్టుబట్టి బెజవాడ తీసుకెళ్ళింది. సూర్యారావుపేటలో నరాలకీ మనసుకీ చూసే డాక్టరుగారు. మంచాయనే, ఆయన్ననడానికేం లేదు. చెప్పింది విని మందిచ్చేవాడు. నెలకోసారి తల్లీ కొడుకూ బస్సెక్కేవాళ్ళు. పామర్రులో బస్సాగితే ఆవిడ జామకాయలు కొని, ఉప్పూకారం అద్దించి కొడుకు చేతిలో పెట్టేది. ఉయ్యూరు దాటాక నిద్రొస్తే తల్లి భుజం మీద తల వాల్చేవాడు. గడ్డం నెరుస్తున్న మగాడు అలా తల్లి భుజం మీద పడుకుంటే జనం చూసేవాళ్ళు. చూస్తే చూడనీ, అతనికి ఈ లోకంలో నిఖార్సుగా నిజమని తెలిసింది ఆ ఒక్క భుజమే.

డాక్టరుగారు ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. "వల లాగడం ఇంకా గుర్తొస్తోందా?"

"తగ్గిందండీ" అనేవాడు కోటి. తగ్గలేదు. తగ్గితే అమ్మ సంతోషపడుతుందని అలా చెప్పేవాడు.

ఏడాది దాటింది. మాఘమాసంలో ఒక పొద్దున, హేమ చేపలమ్మడానికి పోయాక, సన్యాసమ్మ ఇంటి వెనక పరదాల మీద నెత్తళ్ళు ఆరబోసింది. ఆ చిన్న చేపలంటే కాకులకి పండగ. కోటి తువ్వాలు ఊపుతూ వెళ్ళాడు తోలడానికి. చేపల మీద వల కప్పి ఉంది. వల కేసి చూడ్డం మానేసి చాలా కాలమైంది. కానీ ఒక కాకి కాలు కంతలో ఇరుక్కుని కొట్టుకుంటోంది. దాన్ని విడిపిద్దామని వంగాడు.

నీలం వలలో అరచేతి వెడల్పున ఆకుపచ్చ దారంతో వేసిన అతుకు కనబడింది. దారం రెండు చుట్లు తిప్పి వేసిన ముడి, వాళ్ళ నాన్న వేసే ముడి. ఒక తడవ సొరచేప కొరికితే నీలం దారం లేక ఆకుపచ్చదాంతో కోటే వేశాడు. "ఏంట్రా, నీ పెళ్ళాం రవికముక్క కుట్టావా?" అని పోలరాజు నవ్వాడు కూడా. ఆ అతుకు పడవకి తాడు కట్టే మొదలు దగ్గర కాదు, వల అవతలి చివర. అంటే సముద్రంలోకి పోయిన సగంలో ఉండాలి.

కోటి కళ్ళు మూసుకున్నాడు. జబ్బు తిరగబెట్టింది అనుకున్నాడు. తెరిచాడు. అక్కడే ఉంది. చేత్తో పట్టుకున్నాడు. అంచు వెంబడి వేళ్ళతో తడుముకుంటూ పోతే తెగిన తాడు కొస దొరికింది. నున్నగా, ఒక్క వేటుకి తెగినట్టుంది.

నడిసముద్రంలో కోసిన వలకి రెండో ముక్క ఉండదు. అది పోతుంది. కోయడమంటేనే పోగొట్టుకోవడం. ఆ ముక్క ఇక్కడ నెత్తళ్ళ మీద ఆరుతోంది.

కాకి ఎప్పుడో విడిపించుకుని ఎగిరిపోయింది. ఉప్పు గిన్నె పట్టుకుని సన్యాసమ్మ బయటికొచ్చింది. కొడుకు చేతిలో తాడు కొస చూసి అక్కడే ఆగిపోయింది.

"అమ్మా, ఇది నాకు కనబడుతోందా, లేకపోతే నిజంగా ఉందా?"

ఇంత జరిగినా ఆమెనే అడిగాడు చూడండి. ఆవిడ గిన్నె కింద పెట్టి, పక్కనే ఇసకలో కూలబడింది.

"ఉంది నాయనా" అంది.

"ఎవరు కోశారు?"

"నేనే. కత్తిపీటతో."

తర్వాత ఆవిడ ఆగకుండా చెప్పుకుపోయింది, ఏడాది నుంచీ గొంతులో అడ్డుపడి ఉన్నదేమో. ఆ రాత్రి పోలరాజు ఒక్కడే ఒడ్డుకొచ్చాడు. ముందు వల లాగేసి తర్వాత నీ దగ్గరికి వద్దామనుకున్నాడట, ఈత బాగా వచ్చినోడు ఎక్కడికి పోతాడులే అనుకున్నాడట, లాగేసరికి నువ్వు లేవట. పడవలో నిండు వల, నిండా చేపలు. తెల్లారితే ఊరంతా చూస్తుంది. "నువ్వింక లేవనుకున్నాను కోటీ. ఉన్నవాణ్ణయినా దక్కించుకుందామనుకున్నాను. ఆ చేపలు ఒక్కటి కూడా ముట్టలేదు నాయనా. గొయ్యి తీసి పూడ్చేశాం."

"మరి వల?"

"పారేద్దామంటే చెయ్యి రాలేదు. మంచి వల. సంచిలో కట్టి అటక మీద పెట్టాను. కాకులు తినేస్తున్నాయని ఇవాళ..."

చెయ్యి రాలేదట. కొడుకు నోట్లో రోజూ రెండు పూటలా మాత్ర వెయ్యడానికి వచ్చింది చెయ్యి. నీకు పిచ్చి అని చెప్పడానికి వచ్చింది నోరు. నైలాను ముక్క పారేయడానికి మాత్రం రాలేదు. ఏం చెప్పమంటారు నన్ను?

"సరే, నేను లేననుకున్నావు. తిరిగొచ్చాను కదమ్మా. అప్పుడైనా చెప్పొచ్చుగా" అన్నాడు కోటి.

"అప్పటికే వాడికి కండువా కప్పేశారు" అంది ఆవిడ.

మీరైతే ఏం చేసేవారో నాకు తెలీదు. కోటి నవ్వాడు. నిజంగానే నవ్వాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే. అతని ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయింది. అన్న వదిలేశాడు, తల్లి దాచింది, ఆ బాధ తర్వాత పడొచ్చు. ముందు తనకి పిచ్చి లేదు. పాలు పొంగితే పొంగినట్టే. వానొస్తే వానే. ఏడాది తర్వాత తలెత్తి చూస్తే ఎండ ఎండలాగే ఉంది.

"నాకు అన్నయ్య మీద పగ లేదమ్మా. ఊళ్ళో చెప్పను. పెద్దల దగ్గరికి పోను. ఒక్కటే అడుగుతున్నాను. డాక్టరుగారికీ హేమకీ చెప్పు, నేను చూసింది నిజమేనని. నా నోటితో చెబితే జబ్బనుకుంటారు. నువ్వు చెప్పాలి."

సన్యాసమ్మ కొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టింది. "రేపు బెజవాడ వెళ్తున్నాంగా. హేమని కూడా రమ్మందాం. అక్కడే ఇద్దరికీ చెబుతాను. అప్పటిదాకా నువ్వేం మాట్లాడకు. నీ మీద ఒట్టు" అంది.

నమ్మాడు. సాయంత్రం ఇంటి వెనక నుంచి నైలాను కాలిన కంపు వచ్చింది. పోలరాజు అక్కడ నిలబడి కర్రతో ఎగదోస్తున్నాడు. పోనీలే, అవమానాన్ని కాల్చేసుకుంటున్నారు, మంచిదే అనుకున్నాడు కోటి. ఒక్క పోగు దాచుకుందామని కూడా తోచలేదు. చెప్పేది అమ్మ అయితే పోగులెందుకు? అతన్ని పిచ్చివాడు అనడానికి నాకు కనిపించే కారణం ఇదొక్కటే.

మర్నాడు బస్సులో హేమ కిటికీ పక్కన, మధ్యలో సన్యాసమ్మ, ఇటు కోటి. పొలాల్లో మినుము పచ్చగా ఉంది. కోటి చిన్నపిల్లాడిలా ప్రతిదీ చూపిస్తున్నాడు. "హేమా, అదుగో కొంగ. అది కొంగే." హేమ అతని వంక వింతగా చూసి, ఏడాదిలో మొదటిసారి నవ్వింది. పామర్రులో జామకాయలు కోటే దిగి కొన్నాడు. సన్యాసమ్మ తన కాయ కొరకలేదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అమ్మకి చెప్పడం కష్టంగా ఉంటుంది, పాపం, అనుకున్నాడు.

డాక్టరుగారి గదిలో ముగ్గురూ కూర్చున్నారు. "ఏం కోటిగారూ, ఇవాళ హుషారుగా ఉన్నారే. వల లాగడం ఇంకా గుర్తొస్తోందా?"

"గుర్తొస్తోందండీ" అన్నాడు కోటి నెమ్మదిగా. "అది జరిగిందండీ. మా అన్నయ్య వల కొయ్యలేదు. మా అమ్మ ఒడ్డున కోసింది. రెండో ముక్క నిన్న చూశాను. కావాలంటే అమ్మని అడగండి, చెబుతుంది."

హేమ కళ్ళు పెద్దవి చేసుకుని మొగుణ్ణి చూసింది. తర్వాత అత్తని చూసింది. డాక్టరుగారు కూడా పెన్ను పక్కన పెట్టి సన్యాసమ్మ వైపు తిరిగాడు. కోటి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తల్లి పెదాలు కదలడం కోసం చూస్తున్నాడు. ఒక్క మాట. అవును అంటే చాలు.

సన్యాసమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నిన్నట్నుంచి మళ్ళీ మొదలెట్టాడండీ" అంది. "ఈసారి నన్ను కూడా కలిపాడు."

ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరో టోకెన్ నంబరు పిలుస్తున్నారు. కోటి నీళ్ళలో ఉండగా పడవ కేసి ఎలా చూశాడో అలా తల్లి కేసి చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ మాత్రం అతని వైపు తిరగలేదు.

"వల చూశానన్నాడు కదా అమ్మా, ఉందా ఇంట్లో?" అని హేమని అడిగాడు డాక్టరుగారు.

"లేదండీ. నేనేం చూళ్ళేదండీ" అంది హేమ. ఆ పిల్ల అబద్ధమాడలేదు. అంతటితో కోటికి హేమ కూడా పోయింది. నిజం చెప్పిన మనిషికీ దాచిన మనిషికీ తేడా ఎలా పట్టుకోవాలో అతనికి ఇంక తెలీదు. ఇద్దరి మొహాలూ ఏడుస్తున్నాయి, ఇద్దరి చేతులూ అతని భుజాల మీదే ఉన్నాయి. డాక్టరుగారు నిట్టూర్చి మందు పెంచి రాశాడు.

తిరుగు బస్సెక్కారు. కాలవ పక్కనే వస్తోంది, లేకపోతే వస్తున్నట్టుంది. పామర్రులో బస్సాగింది. సన్యాసమ్మ కొత్త మాత్ర చింపి అరచేతిలో పెట్టుకుని, రెండో చేత్తో నీళ్ళ సీసా పట్టుకుంది. కోటి మాత్ర ఉన్న చేతినే చూశాడు.

"అమ్మా" అన్నాడు, హేమకి వినబడనంత మెల్లగా. "ఆ వల నేను చూశానా?"

ఆవిడ సీసా ఒళ్ళో పెట్టుకుంది.

"లేదు నాయనా. నువ్వేం చూళ్ళేదు."

కోటి నోరు తెరిచాడు. ఆవిడ మాత్ర నాలుక మీద పెట్టింది. బస్సు బందరు వైపు కదిలింది.